పునఃసామాజికీకరణ: కట్టడి సంస్థల్లో కొత్త నడవడి, కొత్త విలువలు

మనిషి ఇంట్లో, వీధిలో, బడిలో చిన్నప్పటి నుంచీ అలవరచుకున్న నడవడిని, విలువలను పక్కన పెట్టించి, వాటి చోట కొత్తవి నేర్పే ప్రక్రియను సమాజశాస్త్రం పునఃసామాజికీకరణ అంటుంది. పెళ్లయి అత్తవారింటికి వెళ్లిన అమ్మాయి, కరీంనగర్ నుంచి దుబాయికి పనికి వెళ్లిన కూలీ కూడా కొత్త పద్ధతులు నేర్చుకుంటారు. కానీ వాళ్లకు పాత మనుషులతో మాట ఉంటుంది, రాకపోకలుంటాయి, రోజులో ఎప్పుడో ఒకప్పుడు తమకు తాముగా ఉండే వేళ దొరుకుతుంది. జైలు, సైనిక శిక్షణ కేంద్రం, మానసిక వైద్యశాల, మఠం, హాస్టలుతో కూడిన బడి వంటి చోట్ల ఆ వెసులుబాటు ఉండదు. నిద్ర, తిండి, పని, ఆట, మాట అన్నీ ఒకే ప్రహరీ లోపల ఒకే అధికారం కింద నడుస్తాయి. పునఃసామాజికీకరణ గురించి గట్టిగా తెలిసినవాటిలో ఎక్కువ భాగం ఇలాంటి సంస్థలను గమనించడం వల్లనే తెలిసింది.

ఈ పరిశీలనలన్నీ కలిపి చదివితే ఒక సంగతి పదేపదే ఎదురవుతుంది. పాత గుర్తింపును ఊడబెరకడం సంస్థలకు తేలిక, రోజుల్లో అయిపోతుంది. కొత్త విలువ మనసులో వేరూనడం మాత్రం సంస్థ ఒక్కదాని చేతిలో లేదు. లోపలికి వచ్చినవాడు ఇష్టపడి వచ్చాడా లేదా, పక్క మంచం వాడు ఏం నేర్పుతున్నాడు, గేటు దాటాక లోకం అతణ్ణి కొత్త మనిషిగా ఒప్పుకుంటుందా అన్నవే అసలు నిర్ణయం చేస్తాయి.

గాఫ్‌మన్ చూసిన ఆస్పత్రి

కెనడాలో పుట్టి అమెరికాలో స్థిరపడ్డ సమాజశాస్త్రవేత్త ఎర్వింగ్ గాఫ్‌మన్ 1955-56లో వాషింగ్టన్‌లోని సెయింట్ ఎలిజబెత్స్ మానసిక వైద్యశాలలో ఏడాది గడిపాడు. అప్పటికి అక్కడ ఏడు వేలకు పైగా రోగులున్నారు. పైకి ఆయన ఆటల విభాగం అధికారికి సహాయకుడు. అసలు పని రోగుల రోజువారీ బతుకును దగ్గర నుంచి చూడటం. సిబ్బందితో చనువు పెంచుకోలేదు, వార్డు తాళంచెవి కూడా దగ్గర పెట్టుకోలేదు. రోగుల కంట్లో తాను అధికారుల మనిషి కాకూడదని ఆయన పట్టుదల. ఆ పరిశీలన 1961లో ‘అసైలమ్స్’ పుస్తకమైంది. సంపూర్ణ సంస్థ అనే భావన ఆ పుస్తకంతోనే స్థిరపడింది.

ఇలాంటి సంస్థల్లో వృద్ధాశ్రమాలు, అనాథ శరణాలయాలు ఒక రకం. క్షయ, కుష్ఠు ఆస్పత్రులు, మానసిక వైద్యశాలలు మరొకటి. జైళ్లు, యుద్ధఖైదీల శిబిరాలు ఇంకొకటి. సైనిక బ్యారక్‌లు, ఓడలు, ఆశ్రమ పాఠశాలలు పని కోసం ఏర్పడినవి. మఠాలు లోకాన్ని వదిలినవాళ్లవి. ఉద్దేశాలు ఇంత వేరైనా లోపలి ఏర్పాటు ఒకటేనని గాఫ్‌మన్ వాదన. అందరూ ఒకే చోట బతకాలి, ఒకే రకం మనుషుల గుంపులో ఉండాలి, గంట ప్రకారం కదలాలి, ఆ గంటలన్నీ సంస్థ పెట్టుకున్న ఒకే ప్రణాళికకు లోబడాలి. పైన కొద్దిమంది సిబ్బంది, కింద పెద్ద గుంపు. రెండింటి మధ్యా మాట తక్కువ, అనుమానం ఎక్కువ.

కొత్తగా వచ్చినవాడి పాత ‘నేను’ను చంపడంతో పని మొదలవుతుంది. మన జైలు గేటు దగ్గర జరిగేదే చూడండి. ఒంటి మీది వస్తువులు తీసి రిజిస్టరులో రాస్తారు. ఒళ్లంతా తడిమి చూస్తారు. ఎత్తు, బరువు, పుట్టుమచ్చలు ఎక్కించుకుంటారు. శిక్ష పడ్డవాడికి జైలు బట్టలు, నంబరు ఇస్తారు. పేరు, ఊరు, వృత్తి, ఇంటి పెద్దరికం అన్నీ గేటు బయటే ఆగిపోతాయి. మనిషి హోదాను అందరి ఎదుటా దించివేసే ఇలాంటి తంతులను హెరాల్డ్ గార్ఫింకెల్ 1956లోనే విశ్లేషించాడు. గాఫ్‌మన్ చూపినది ఇంకా సన్నటి హింస: మరుగుదొడ్డికి వెళ్లడానికి, ఉత్తరం వేయడానికి, అగ్గిపుల్ల గీయడానికి పెద్దమనిషి పసివాడిలా అనుమతి అడగాల్సి రావడం. కోపం వచ్చి ఎదురు తిరిగితే ఆ కోపమే జబ్బుకు రుజువుగా కేస్ షీట్‌లో చేరుతుంది. తప్పించుకునే దారి లేని చక్రమది.

పాతది పోయాక ఆ ఖాళీలో సంస్థ తన నియమాలనూ, వాటికి ముడిపెట్టిన చిన్నచిన్న సౌకర్యాలనూ నింపుతుంది. బయట ఎవరూ లెక్కచేయని టీ కప్పు, బీడీ, పది నిమిషాల నడక లోపల గొప్ప బహుమానాలవుతాయి. వీటిని మనుషులు ఎదుర్కొనే తీరులు కూడా ఆయన వర్ణించాడు. కొందరు లోకం నుంచే మనసు మళ్లించుకుంటారు. కొందరు అడుగడుగునా ఎదిరిస్తారు. కొందరు ఇక ఇదే ఇల్లని సర్దుకుంటారు. కొందరు సిబ్బంది కంటే గట్టిగా సంస్థ పాట పాడతారు. ఎక్కువమంది మాత్రం ఇవన్నీ కొద్దికొద్దిగా కలుపుకొని, గొడవలో పడకుండా రోజులు లెక్కపెడతారు. ఆ చివరి మాట చాలా ముఖ్యమైనది. నిజంగా మారినవాళ్లు తక్కువ, మారినట్టు మసలుకునేవాళ్లే ఎక్కువ.

ఫూషున్ జైల్లో చక్రవర్తి

నడవడి మారడం వేరు, విలువ మారడం వేరు. 1958లో సామాజిక మనోవిజ్ఞాన శాస్త్రవేత్త హెర్బర్ట్ కెల్మన్ దీన్ని మూడు మెట్లుగా విడదీశాడు. శిక్షకు భయపడో, లాభం కోసమో లోబడటం మొదటిది. ఒక మనిషినో గుంపునో అభిమానించి వాళ్లలా ఉండటం రెండోది. అదే సరైనదని లోపల నమ్మడం మూడోది. మొదటి మెట్టు మీద ఉన్నవాడు కాపలా లేనప్పుడు మారిపోతాడు. మూడో మెట్టు మీద ఉన్నవాడికి కాపలా అక్కర్లేదు. బయట నుంచి చూస్తే ఇద్దరూ ఒకేలా ఉంటారు.

ఆ చిక్కు పూర్తిగా కనిపించే ఉదాహరణ చైనా ఆఖరి చక్రవర్తి పూయీ. 1908లో రెండేళ్ల వయసులో సింహాసనం ఎక్కి, 1912లో దిగి, ఆ తర్వాత జపాన్ నిలబెట్టిన మంచూకువో రాజ్యానికి పేరుకు పాలకుడైన ఆయన 1945లో సోవియట్ సైన్యానికి చిక్కాడు. 1950లో చైనా చేతికి వచ్చి, ఫూషున్‌లోని యుద్ధనేరస్థుల నిర్బంధ కేంద్రానికి చేరాడు. అప్పటిదాకా తన చొక్కా గుండీ తాను పెట్టుకోవలసిన పని ఆయనకు పడలేదు. మొదట్లో తోటి ఖైదీలుగా ఉన్న బంధువులే బట్టలుతికి, పక్క మడిచి సేవ చేసేవారు. అధికారులు చేసిన మొదటి పని ఆయనను వాళ్ల నుంచి వేరే గదికి మార్చడం. కొరడా లేదు, తిట్టు లేదు. పొద్దున్నే గంట కొట్టేసరికి అందరూ ముఖాలు కడుక్కుని వరుసలో నిలబడితే చక్రవర్తి ఇంకా గుండీలతో కుస్తీ పడుతుండేవాడు. ఆ సిగ్గే పాఠం.

తర్వాతది మరింత లోతైన పని. పెట్టె అడుగున దాచుకున్న నగల సంగతి అధికారులకు ఒప్పుకోమని ఒత్తిడి తెచ్చింది సొంత బంధువే. రోజూ చదువు బృందాలు, ఒకరి తప్పులు ఒకరు చెప్పుకోవడం, జీవిత కథను మళ్లీ మళ్లీ రాయడం నడిచాయి. దగ్గర్లోని పింగ్‌డింగ్‌షాన్‌లో 1932లో జపాన్ సైన్యం ఊచకోత కోసిన గ్రామానికి తీసుకెళ్లి, బతికి బయటపడ్డవాళ్ల ఎదుట నిలబెట్టారు. 1959 డిసెంబరులో క్షమాభిక్ష దొరికాక ఆయన బీజింగ్ వృక్షోద్యానంలో తోటపని చేశాడు, 1964లో ఆత్మకథ అచ్చయింది, 1967లో చనిపోయాడు.

పూయీ నిజంగా మారాడా? ఆత్మకథ మారాడనే చెబుతుంది. కానీ ఆ పుస్తకానికి బీజం జైల్లో రాయించిన ఒప్పుకోలు పత్రాలు, దాన్ని తీర్చిదిద్దినది ప్రభుత్వం పంపిన సంపాదకుడు. చైనా ‘ఆలోచనా సంస్కరణ’ గుండా వెళ్లిన 25 మంది పాశ్చాత్యులతో, 15 మంది చైనీయులతో మాట్లాడి రాబర్ట్ లిఫ్టన్ 1961లో రాసిన గ్రంథం చూస్తే, ఆ వాతావరణం నుంచి బయటపడ్డాక చాలామందిలో బలవంతంగా ఎక్కించిన నమ్మకాలు క్రమంగా వదిలిపోయాయి, అపరాధ భావం, అయోమయం మాత్రం మిగిలాయి. మార్పు కథను సంస్థే రాయించినప్పుడు దాన్ని సాక్ష్యంగా తీసుకోవడంలో జాగ్రత్త కావాలి. ఇది చైనాకే పరిమితం కాదు. పెరోల్ దరఖాస్తుకు జతచేసే సత్ప్రవర్తన నివేదికకూ ఇదే వర్తిస్తుంది.

తోటివాళ్లు నేర్పే చదువు

సంస్థ ఒకటి నేర్పాలనుకుంటుంది; లోపలి గుంపు మరొకటి నేర్పుతుంది. అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రంలోని మెనార్డ్ జైల్లో పనిచేసిన డొనాల్డ్ క్లెమ్మర్ 1940లో ఈ రెండో చదువును వివరించాడు. ఖైదీ కాలం గడిచేకొద్దీ జైలు భాష, జైలు మర్యాద, జైలు విలువలు ఒంటబట్టించుకుంటాడు. తోటివాడి మీద చాడీ చెప్పకూడదు, వార్డరును నమ్మకూడదు, బాకీ ఎగ్గొట్టకూడదు, ఏడుపు చూపించకూడదు. న్యూజెర్సీలోని ట్రెంటన్ జైలును పరిశీలించిన గ్రెషమ్ సైక్స్ 1958లో దీనికి కారణం చెప్పాడు. స్వేచ్ఛ, వస్తువులు, దాంపత్యం, సొంత నిర్ణయం, భద్రత అన్న ఐదింటి లేమి మనిషిని నలిపేస్తుంది. ఆ నొప్పిని తట్టుకోవడానికి ఖైదీలు కట్టుకున్న గోడే ఈ నియమావళి.

జాన్ ఇర్విన్, డొనాల్డ్ క్రెస్సీ 1962లో దీన్ని సవాలు చేశారు. జైలు సంస్కృతి జైల్లో పుట్టినదే కాదు, దానిలో చాలా భాగం ఖైదీలు వీధి నుంచి వెంట తెచ్చుకున్నదే అన్నారు. అంతకు ముందు ఏడాది స్టాంటన్ వీలర్ ఒక ఆశ కలిగించే సంగతి చూపాడు. శిక్ష మధ్య కాలంలో ఖైదీలు అధికారుల విలువలకు బాగా దూరమవుతారు. విడుదల దగ్గరపడేకొద్దీ మళ్లీ దగ్గరవుతారు. బయట ఎదురుచూసే జీవితం ఉందన్న తలపే ఆ మలుపు తిప్పుతుంది.

తెలుగు సాహిత్యం ఈ లోపలి లోకాన్ని ముందే గమనించింది. ఉన్నవ లక్ష్మీనారాయణ వేలూరు జైల్లో ఉండగా ‘మాలపల్లి’ రాశారు. నిజాం పాలనలో జైలుకు వెళ్లిన వట్టికోట ఆళ్వారుస్వామి తోటి ఖైదీల కథలను ‘జైలు లోపల’గా వెలువరించారు. అదే కాలంలో కవి దాశరథి నిజామాబాదు జైలు గోడల మీద బొగ్గుతో పద్యాలు రాశారు. రాజకీయ ఖైదీలకు జైలు ఒక విశ్వవిద్యాలయమైంది, కారణం సులువే. వాళ్లు ఒక నమ్మకంతో లోపలికి వచ్చారు, అదే నమ్మకం ఉన్న గుంపులో బతికారు, బయట గౌరవంతో ఎదురుచూసే జనం ఉన్నారు. సంస్థ వాళ్ల నుంచి బట్టలు ఊడదీయగలిగింది గానీ పేరు ఊడదీయలేకపోయింది.

పిల్లల మీద ప్రయోగాలు

ఈ విషయంలో చరిత్ర క్షమించలేని అధ్యాయం మూలవాసుల పిల్లల కోసం నడిపిన హాస్టలు బడులది. అమెరికాలో సైనికాధికారి రిచర్డ్ హెన్రీ ప్రాట్ 1879లో పెన్సిల్వేనియాలోని పాత సైనిక బ్యారక్‌లలో కార్లైల్ ఇండియన్ పాఠశాల తెరిచాడు. పిల్లల జుట్టు కత్తిరించారు, బట్టలు మార్చారు, ఇంటి భాష మాట్లాడితే దండించారు. మొదటి బృందంలో వెళ్లిన లకోటా బాలుడు ఒకడు పెద్దయ్యాక లూథర్ స్టాండింగ్ బేర్ పేరుతో రచయిత అయ్యాడు. ఆ పేరు ఎలా వచ్చిందో తన జ్ఞాపకాల్లో రాశాడు. నల్లబల్ల మీద ఏవో తెల్ల గీతలు ఉన్నాయి. చేతికి కర్ర ఇచ్చి వాటిలో ఒకదాన్ని చూపమన్నారు. చూపాడు. ఆ గీతలు ఒక పేరు అని, అప్పటి నుంచి తన పేరు అదేనని అతనికి తర్వాత గానీ అర్థం కాలేదు.

కార్లైల్ 1918లో మూతపడింది. అక్కడే చనిపోయిన పిల్లల సమాధులు మిగిలాయి. కెనడాలో ఇదే పద్ధతి 20వ శతాబ్దం చివరిదాకా సాగింది, దాదాపు 1,50,000 మంది పిల్లలు ఆ బడుల గుండా వెళ్లారు. ప్రభుత్వం 2008లో క్షమాపణ చెప్పింది, 2015లో సత్య, సయోధ్య కమిషన్ దాన్ని సాంస్కృతిక జాతిహననంగా పేర్కొంది. ఇంటికి తిరిగి వచ్చిన పిల్లలకు అమ్మమ్మతో మాట్లాడే భాష లేదు, తెల్లవాళ్ల లోకంలో చోటూ లేదు. పాతదాన్ని పీకేసి కొత్తది ఇవ్వకపోతే జరిగేది ఇదే.

స్టువర్టుపురం

తెలుగు పాఠకులు ఈ విషయాన్ని తమ నేల మీదే చదువుకోవచ్చు. బ్రిటిష్ ప్రభుత్వం 1871లో ఉత్తర భారతంలో తెచ్చిన నేరస్థ జాతుల చట్టం 1911లో కొత్త రూపంలో మద్రాసు రాష్ట్రానికీ వర్తించింది. ఆ వల ఎరుకల వాళ్ల మీద పడింది. తీరం నుంచి ఉప్పు, లోపలి నుంచి ధాన్యం గాడిదల మీద, ఎద్దుల మీద మోసి వ్యాపారం చేసిన సంచారులు వాళ్లు. రైళ్లు వచ్చాయి, ఉప్పు మీద ప్రభుత్వ పట్టు బిగిసింది, ఆ వ్యాపారం చితికింది. పొట్ట గడవని సంచారి పోలీసు కంటికి దొంగయ్యాడు. ఈ వరుసను చరిత్రకారిణి మీనా రాధాకృష్ణ తన 2001 నాటి గ్రంథంలో వివరంగా చూపారు.

చట్టం కింద కులం మొత్తం నేరస్థులుగా నమోదయ్యేది. ఒక్కొక్కడి నేరం రుజువు కానక్కర్లేదు. వేలిముద్రలు, రోజూ హాజరు, ఊరు దాటాలంటే పాసు తప్పనిసరి. పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి వేరు చేసే అధికారం కూడా ప్రభుత్వానికి ఉండేది. బాపట్ల, చీరాల మధ్య రైలు మార్గం పక్కన సాల్వేషన్ ఆర్మీ నడిపిన సెటిల్‌మెంటుకు మద్రాసు ప్రభుత్వంలోని అధికారి హెరాల్డ్ స్టువర్ట్ పేరు పెట్టారు. కావలిలో మరొకటి అమెరికన్ బాప్టిస్టు మిషన్ చేతిలో నడిచింది. సేద్యం, బడి, ప్రార్థన, చీరాల పొగాకు కంపెనీలో కూలి పని అక్కడి దినచర్య. సంస్కరణ పేరుతో కదలలేని చవక కూలీలు దొరికారన్న రాధాకృష్ణ వాదన గట్టిది, తోసిపుచ్చలేనిది.

అయినా ఆ సెటిల్‌మెంట్ల వల్ల ఏమీ జరగలేదని అనలేం. చదువు వచ్చింది, భూమితో పరిచయం పెరిగింది, తర్వాతి తరాల్లో ఉద్యోగాలు చేసినవాళ్లు వచ్చారు. ఆగిపోయినది బయటి లోకమే. మద్రాసు రాష్ట్రంలో 1947లో, దేశమంతటా 1952 ఆగస్టు 31న ఆ చట్టం రద్దయింది. అలవాటు నేరస్థుల చట్టాలు వెంటనే ఆ చోటు భర్తీ చేశాయి. ఎక్కడ దొంగతనం జరిగినా ఆ ఊరివైపు చూసే అలవాటు పోలీసులకూ పోలేదు, పొరుగు ఊళ్లకూ పోలేదు. 1991లో చిరంజీవి సినిమా పేరులోకి కూడా ఆ ఊరు ఎక్కింది. ‘మాది స్టువర్టుపురం’ అని ఇంటర్వ్యూలో చెప్పాల్సి వచ్చిన కుర్రాడు ఎంత మారితే ఏం లాభం?

నాస్తికవాది గోరా కుమారుడు లవణం, కవి జాషువా కుమార్తె హేమలత 1970ల్లో అక్కడ మొదలుపెట్టిన సంస్కార కార్యక్రమం ఈ చిక్కుముడిని మరో కొస నుంచి పట్టుకుంది. ప్రహరీ కట్టలేదు, హాజరు పట్టీ పెట్టలేదు. ఇళ్లకు వెళ్లి కూర్చుని మాట్లాడారు. నేరం వదిలినవాళ్లు బతికే దారి గురించి ప్రభుత్వంతో, పోలీసులతో మాట్లాడారు. మారాల్సింది ఒక వైపే కాదన్న గుర్తింపు ఆ పనిలో ఉంది. రాజ్యాంగ పరంగా ఆ గుర్తింపు రావడానికి ఇంకా చాలా కాలం పట్టింది. ‘సుకన్య శాంత’ కేసులో 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు జైళ్లలో కులాన్ని బట్టి పని పంచే నియమాలను కొట్టివేసింది. ఊడ్చే పని ఒక కులానికి, వంట మరో కులానికి అప్పగించే రాతలు, పాత నేరస్థ జాతుల చట్టం నుంచి బయటపడ్డ విముక్త జాతులను పుట్టుకతోనే నేరస్థులుగా చూసే రాతలు అప్పటిదాకా మాన్యువళ్లలో బతికే ఉన్నాయి. కొత్త విలువలు నేర్పుతామన్న సంస్థ లోకంలోని అతి పాత విలువనే లోపల కాపాడుతూ వచ్చిందన్నమాట.

ఇష్టపడి చేరే చోట్లు

మఠాలు, సైన్యాలు కూడా జుట్టు తీసేస్తాయి, బట్టలు మారుస్తాయి, గంటకు కట్టేస్తాయి. అయినా అక్కడ మార్పు నిలుస్తుంది. చేరడానికి ముందే మనిషి సగం దూరం తానే నడిచి రావడం దానికి కారణం. ఆరో శతాబ్దపు సెయింట్ బెనెడిక్ట్ నియమావళిలో ఒక చిన్న ఏర్పాటు నన్ను ఎప్పుడూ ఆకట్టుకుంటుంది. కొత్తగా చేరదలచినవాణ్ణి ఏడాది పాటు పరీక్షిస్తారు, ఆ ఏడాదిలో నియమాలను మళ్లీ మళ్లీ చదివి వినిపిస్తారు, ఇష్టం లేకపోతే వెళ్లిపొమ్మంటారు. చేరాక అతని పాత బట్టలు తీసుకుంటారు గానీ పారేయరు, భద్రంగా దాచిపెడతారు. ఎప్పుడైనా మఠం వదిలి వెళ్తే అవే ఇచ్చి పంపాలి. బౌద్ధ సంఘంలోనూ ఇదే ధోరణి. విశాఖపట్నం దగ్గరి తొట్లకొండ, బావికొండల మీద కనిపించే భిక్షువుల గదుల వరుసలు కఠిన నియమాల బతుకుకు ఆనవాళ్లే. కానీ చీవరం విప్పి గృహస్థ జీవితానికి తిరిగి వెళ్లే దారిని సంఘ నియమావళి అయిన ‘వినయం’ మూయలేదు.

సైన్యం మధ్యలో నిలుస్తుంది. గోల్కొండలోని ఆర్టిలరీ సెంటర్ వంటి చోట చేరే కుర్రాడు ఉద్యోగం కోసం వస్తాడు; శిక్షణ అతన్ని రెజిమెంటు మనిషిగా మలుస్తుంది. కలిసి పడ్డ కష్టం, కలిసి అనుభవించిన దండన తోటివాళ్లను అన్నదమ్ముల్ని చేస్తాయి. కెల్మన్ చెప్పిన రెండో మెట్టు ఇక్కడ బలంగా పనిచేస్తుంది. ఇది మనస్తత్వంలో కొంతకాలం నిలిచే జాడ వదులుతుంది కూడా. జర్మనీ యువకులను చాలా ఏళ్లు అనుసరించి జాషువా జాక్సన్ బృందం 2012లో ప్రచురించిన పరిశోధనలో, సైనిక సేవ చేసినవాళ్లలో సౌమ్యత మిగతావాళ్లకంటే తక్కువగా ఉండటం సేవ ముగిసిన ఏళ్ల తర్వాత కూడా కనిపించింది.

మన పిల్లల హాస్టళ్లను ఈ కొలతతో చూడాలి. పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉండగా 1971లో సర్వేలులో మొదలైన గురుకులం పల్లె పేద పిల్లలకు ఇల్లు, బడి ఒకేచోట ఇచ్చింది. తెలంగాణ సాంఘిక సంక్షేమ గురుకులాల్లో ‘స్వేరో’ అన్న కొత్త గుర్తింపు పిల్లలకు కులం పేరుతో వచ్చే చిన్నతనాన్ని వదిలించే ప్రయత్నం చేసింది. 2014 మే 25న 13 ఏళ్ల మాలావత్ పూర్ణ ఎవరెస్టు ఎక్కింది అలాంటి గురుకులం నుంచే. అక్కడ ఊడదీసింది అవమానాన్ని, ఇచ్చింది పేరును. ఇదే తెలుగు నేల మీద ఇంటర్ కార్పొరేట్ హాస్టళ్లు కూడా ఉన్నాయి. తెల్లవారకముందే స్టడీ అవర్, వారాంతంలో పరీక్ష, మార్కులను బట్టి సెక్షన్ మార్పు, నెలకోసారి ఔటింగ్, ఇంటికి ఫోను చేయాలంటే వార్డెన్ అనుమతి. పిల్లాడు రెండేళ్లలో నేర్చుకునే ప్రధాన విలువ ర్యాంకు. ర్యాంకు రానివాడికి అక్కడ మరో పేరు లేదు. విద్యార్థుల ఆత్మహత్యల మీద ప్రభుత్వాలు కమిటీలు వేశాయి, సిఫార్సులు వచ్చాయి, దినచర్య పెద్దగా మారలేదు. తల్లిదండ్రులు డబ్బు కట్టి చేర్చినంత మాత్రాన పిల్లాడు ఇష్టపడి చేరినట్టు కాదు.

నమ్మదగినవి, నమ్మరానివి

ఈ రంగంలో బాగా ప్రచారమైన ప్రయోగాలే బలహీనమైనవి. ఫిలిప్ జింబార్డో 1971లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నేలమాళిగలో నడిపిన ఉత్తుత్తి జైలు, పాత్ర దొరికితే మామూలు మనిషి క్రూరుడవుతాడని చూపినట్టు పాఠ్యపుస్తకాలు చెబుతాయి. కాపలా పాత్రధారులకు ఎలా ప్రవర్తించాలో ముందే సూచనలు అందాయని తియెబో లె తెక్సియే ఆర్కైవులు తిరగేసి చూపాడు. మామూలు మనుషులు పిచ్చాసుపత్రిలో చేరితే వైద్యులు గుర్తించలేకపోయారన్న డేవిడ్ రోజెన్‌హన్ 1973 వ్యాసం మీద కూడా సుసాన్ కహలాన్ 2019లో గట్టి అనుమానాలు లేవనెత్తింది. ఈ రెంటినీ ఇంకా నిరూపిత సత్యాలుగా బోధించడం తప్పు. ఓపికగా, దగ్గర నుంచి గమనించిన క్లెమ్మర్, సైక్స్, గాఫ్‌మన్ రచనలే గట్టిగా నిలిచాయి.

సంస్కరణ పనిచేస్తుందా అన్న ప్రశ్నకు రాబర్ట్ మార్టిన్సన్ 1974లో ఇచ్చిన నిరాశాపూరిత సమాధానం అమెరికాలో దశాబ్దాల కఠిన శిక్షల విధానానికి ఊతమిచ్చింది. 1979లో ఆయనే దాన్ని చాలావరకు సవరించుకున్నాడు, ఆ సవరణను ఎవరూ పట్టించుకోలేదు. తర్వాతి పరిశోధన మధ్యస్థంగా ఉంది. మనిషి ఆలోచనా అలవాట్ల మీద, అతని అసలు అవసరాల మీద పనిచేసే కార్యక్రమాలు మళ్లీ నేరం చేయడాన్ని కొంత తగ్గిస్తాయి, ఊరికే భయపెట్టేవి తగ్గించవు.

ప్రహరీని పలచన చేయడం

లోపలి లోకం బయటి లోకానికి ఎంత దగ్గరగా ఉంటే నేర్చుకున్నది అంత నిలుస్తుందన్న ఆలోచన క్రమంగా చట్టాల్లోకి వచ్చింది. ఫ్రాంకో బసాలియా పోరాటంతో ఇటలీ 1978లో మానసిక వైద్యశాలలను మూసే చట్టం తెచ్చింది. మన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 రోగి హక్కులను, సమాజంలో బతికే హక్కును ముందుకు తెచ్చింది. నార్వేలో 2010లో తెరిచిన హాల్డెన్ జైలుకు టీచర్లు, వైద్యులు బయటి సంస్థల నుంచే వస్తారు. శిక్ష అంటే స్వేచ్ఛ పోవడమే, మిగతా బతుకు వీలైనంత మామూలుగా సాగాలని అక్కడి సూత్రం. తీహార్‌లో కిరణ్ బేడీ హయాంలో 1994లో వెయ్యిమందికి పైగా ఖైదీలు ఒకేసారి విపశ్యన శిబిరంలో కూర్చున్నారు. ప్రశాంతత వచ్చిన మాట నిజమే. బయటికి వెళ్లాక బతుకుతెరువు లేకపోతే ఆ ప్రశాంతతకు ఆయువెంత అన్న ప్రశ్నకు ధ్యానం జవాబు చెప్పలేదు.

జవాబు వెతికినవి బహిరంగ జైళ్లు. మహారాష్ట్రలోని ఔంధ్ సంస్థానంలో 1939లో స్వతంత్రపూర్ అనే ప్రయోగం జరిగింది. వి. శాంతారామ్ 1957లో తీసిన హిందీ సినిమా ‘దో ఆంఖే బారహ్ హాథ్’కు అదే మూలం. తెలుగు నేల మీద అనంతపురం దగ్గర రెడ్డిపల్లిలో, హైదరాబాదు దగ్గర చర్లపల్లిలో ఖైదీలు ప్రహరీ బయట పొలం పని చేసే జైళ్లున్నాయి. చంచల్‌గూడ దగ్గర జైళ్ల శాఖ నడిపే పెట్రోలు బంకులో ఖైదీలు రోజూ మామూలు జనంతో లావాదేవీ చేస్తారు. బంకుకు వచ్చినవాడు చిల్లర లెక్కపెట్టుకుని పోతాడు, ఎదుటివాడి కేసు నంబరు అడగడు.

రాజస్థాన్‌లో జైపూర్ దగ్గరున్న సాంగనేర్ బహిరంగ జైలు వీటిలో అన్నింటికంటే దూరం వెళ్లింది. మూసిన జైల్లో కొంత శిక్ష అనుభవించి మంచి నడవడి చూపినవాళ్లు అక్కడికి వస్తారు. భార్యాపిల్లలతో చిన్న ఇళ్లలో ఉంటారు. జైలు తిండి పెట్టదు. పొద్దున్నే బయటికి వెళ్లి కూలి పని, దుకాణం, డ్రైవింగ్ ఏదో ఒకటి చేసి కుటుంబాన్ని పోషించుకోవాలి, సాయంత్రం హాజరుకు తిరిగి రావాలి. లోపలి తగాదాలు ఖైదీల పంచాయతీ తీరుస్తుంది. హత్య కేసుల్లో యావజ్జీవం పడ్డవాళ్లు కూడా అక్కడ పిల్లల్ని పక్క బడికి పంపుతూ బతుకుతున్నారు. శిక్ష ముగిశాక కూడా ఇక్కడే ఉండనివ్వమని అడిగే కుటుంబాలు ఉన్నాయి. పని, పిల్లల చదువు, ఇరుగుపొరుగు అన్నీ వాళ్లకు ఆ చుట్టుపక్కలే కుదిరాయి. వదిలి వచ్చిన ఊరు మాత్రం వాళ్లను ఇంకా పాత కేసుతోనే పిలుస్తోంది.